ఈథర్‌ను కనిపెట్టినదెవరు, కొలిచినదెవరు

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండా చేసేందుకు ఈథర్‌ను మొదట వాడినది మోర్టనా, లాంగా అన్నది మొదటిది. భౌతికశాస్త్రం పుస్తకాల్లో కనిపించే ఈథర్, ఆసుపత్రిలో వాడిన ఈథర్ ఒకటేనా అన్నది రెండవది. అంత పేరు తెచ్చుకున్న మందు ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లలో ఎందుకు కనబడడం లేదన్నది మూడవది. నేను ముప్పై ఏళ్లకు పైగా మత్తు వైద్యుడిగా పనిచేశాను. 1970ల చివరలో, శిక్షణ రోజుల్లో, ఒక జిల్లా ఆసుపత్రిలో నా చేతులతో ఈథర్ ఇచ్చాను. అందుచేత ఈ విషయం మీద నాకున్న అభిమానం కొద్దీ కాస్త వివరంగానే రాస్తాను.

రెండవ ప్రశ్నకు సమాధానం చిన్నది కనుక ముందు దాన్ని ముగిస్తాను. ఆ రెండింటికీ పేరు తప్ప వేరే చుట్టరికం లేదు. భూమి మీది గాలికి పైన, నక్షత్రలోకంలో నిండి ఉండే స్వచ్ఛమైన పదార్థాన్ని గ్రీకులు ఆ పేరుతో పిలిచారు; అరిస్టాటిల్ దాన్ని మట్టి, నీరు, గాలి, నిప్పు తరువాత ఐదవ భూతంగా లెక్కించాడు. మన పంచభూతాల్లోని ఆకాశాన్ని ఇంగ్లీషులోకి మార్చినవారిలో చాలామంది ఈథర్ అనే రాయడం వల్ల మనకు ఇంకొక చిక్కు వచ్చి పడింది. మన తార్కికులు చెప్పిన ఆకాశానికి గుణం శబ్దం. 19వ శతాబ్దపు యూరప్ శాస్త్రజ్ఞులు ఊహించిన ఈథర్ కాంతి తరంగాలను మోసే మాధ్యమం. నీరు లేనిదే అల ఎలా ఉండదో, ఏదో ఒక ఆధారం లేనిదే కాంతి అల కూడా ఉండదని వారు భావించారు. 1887లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు పాదరసంలో తేలే ఒక పెద్ద రాతిపలక మీద అద్దాలు అమర్చి, ఆ మాధ్యమంలో భూమి కదులుతున్నందువల్ల కాంతి వేగంలో రావలసిన తేడా కోసం ఎంతో ఓపికగా వెతికారు. వారు ఎదురుచూసిన తేడా కనబడలేదు. 1905లో ఐన్‌స్టైన్ అలాంటి మాధ్యమం అక్కరలేకుండానే కాంతి గమనాన్ని వివరించాడు. సీసాలోని ఈథర్‌కు ఆ పేరు 1730 ప్రాంతంలో ఫ్రోబెనియస్ అనే రసాయనవేత్త వల్ల వచ్చింది. అరచేతిలో ఒక చుక్క వేసుకుంటే చల్లగా తగిలి, చూస్తుండగానే ఆకాశంలో కలిసిపోయినట్టు మాయమయ్యే ద్రవానికి అంతకంటే తగిన పేరు దొరకడం కష్టం.

ఆ ద్రవం మాత్రం ఆ పేరు కంటే చాలా పాతది. మద్యసారంలో గంధకామ్లం కలిపి బట్టీ పట్టి దాన్ని తీసే పద్ధతిని 1540లో జర్మనీకి చెందిన వలేరియస్ కోర్డస్ వివరించాడు. ఇంచుమించు అదే కాలంలో పారసెల్సస్ అనే వైద్యుడు, దీన్ని తిన్న కోళ్లు నిద్రపోయి కొంతసేపటికి ఏ హానీ లేకుండా లేస్తాయని రాశాడు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది, ఎందుకంటే నిద్రపుచ్చి తిరిగి క్షేమంగా లేపే మందు ఉన్నదని తెలిసిన తరువాత కూడా మూడు వందల ఏళ్లపాటు మనుషుల కాళ్లూ చేతులూ స్పృహ ఉండగానే కోశారు. ఈథర్ ఆ కాలమంతా మందుల కొట్లలోనే ఉంది. 18వ శతాబ్దంలో హాఫ్‌మన్ అనే వైద్యుడు మద్యసారంలో కలిపి ఇచ్చిన ఈథర్ చుక్కలను కడుపునొప్పికీ నరాల నీరసానికీ తాగేవారు. వాసన పీలిస్తే తల తిరుగుతుందని, నవ్వు వస్తుందని కూడా తెలుసు. అమెరికాలో కుర్రకారు సాయంత్రాలు ఒకచోట చేరి దాన్ని వినోదం కోసం పీల్చేవారు.

రసాయన శాస్త్రానికి ఈథర్ చేసిన మేలు విడిగా చెప్పుకోదగినది. గంధకామ్లంతో తయారవుతుంది కనుక చాలాకాలం దాన్ని గంధక ఈథర్ అన్నారు గాని, అందులో గంధకం పరమాణువు ఒక్కటి కూడా లేదు. 1850లో లండన్‌లో అలెగ్జాండర్ విలియమ్సన్, మద్యసారం నుంచి మరింత పెద్ద మద్యసారాన్ని తయారుచేయబోయి, అనుకోకుండా ఈథర్‌ను పొందాడు. అక్కడి నుంచి తర్కించి, ఒక ఆక్సిజన్ పరమాణువుకు రెండు వైపులా రెండు ఇథైల్ సముదాయాలు (రెండేసి కర్బన పరమాణువుల చిన్న గొలుసులు) ఉన్నదే ఈథర్ అని నిరూపించాడు. కాలేజీలో మీరు చదివే విలియమ్సన్ చర్య అదే. ఈ నిర్మాణాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. జార్జియా రాష్ట్రంలోని జెఫర్సన్ అనే చిన్న ఊరిలో క్రాఫర్డ్ లాంగ్ అనే యువ వైద్యుడు ఉండేవాడు. ఈథర్ పీల్చి గంతులు వేసినవారికి దెబ్బలు తగిలినా ఆ సమయంలో నొప్పి తెలియడం లేదని గమనించి, 1842 మార్చి 30న జేమ్స్ వెనబుల్ అనే వ్యక్తికి తువ్వాలు మీద ఈథర్ పోసి పీల్పించి, మెడ మీది కణితిని తీసేశాడు. ఆయన లెక్కల పుస్తకంలో ఈథర్‌కూ కణితి కోతకూ కలిపి 2 డాలర్లు అని రాసి ఉంది. అయితే లాంగ్ ఈ విషయాన్ని 1849 వరకు ప్రచురించలేదు. పల్లెటూరి వైద్యంలో ఆపరేషన్లు అరుదుగా వచ్చేవి. నొప్పి తెలియకపోవడం ఈథర్ వల్లనా, రోగి ఊహ వల్లనా అని తేల్చుకునేందుకు మరికొన్ని చూడాలనుకున్నాడు. ఆ వ్యాసంలోనే ఒక ఉదంతం ఉంది. ఒక నల్లజాతి బానిస బాలుడికి రెండు వేళ్లు తీయవలసి వస్తే, ఒకటి ఈథర్ ఇచ్చి, ఇంకొకటి ఇవ్వకుండా తీసి తేడా గమనించాడు. పరీక్షగా చూస్తే ఆ పోలిక తప్పుపట్టలేనిది, కాని ఆ పిల్లవాడు అనుభవించిన బాధ అనవసరమైనది, అన్యాయమైనది. లాంగ్‌ను పొగిడే వ్యాసాల్లో ఈ సంగతిని వదిలేయడం నాకు నచ్చదు.

విలియం మోర్టన్ కథ వేరు. అతడు బోస్టన్‌లో పళ్ల వైద్యుడు. అతడికి ఒకప్పటి భాగస్వామి అయిన హోరెస్ వెల్స్ 1845 జనవరిలో అదే నగరంలో నవ్వించే వాయువుతో పన్ను తీసి చూపించబోతే రోగి అరిచాడు, చూడవచ్చినవారు వెల్స్‌ను ఎగతాళి చేసి పంపారు. మోర్టన్ ఆ వాయువును వదిలి, చార్లెస్ జాక్సన్ అనే రసాయనవేత్త సలహా తీసుకుని, ఈథర్ వైపు తిరిగాడు. 1846 అక్టోబర్ 16 శుక్రవారం ఉదయం మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, గాజుగోళానికి చెక్క గొట్టం బిగించిన ఒక పరికరంతో గిల్బర్ట్ అబట్ అనే యువకుడికి ఈథర్ పట్టించాడు. దవడ కింది కణితిని జాన్ వారెన్ అనే పెద్ద సర్జన్ కోశాడు. రోగి కేకలు వేయలేదు. ఇది బూటకం కాదని వారెన్ ప్రేక్షకులతో అన్న మాట ప్రసిద్ధం. కొద్ది వారాల్లోనే హెన్రీ బిగెలో రాసిన వ్యాసం వైద్య పత్రికలో వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 21 నాటికి లండన్‌లో రాబర్ట్ లిస్టన్ ఈథర్ మత్తులో ఒక రోగి కాలు తీసేశాడు. అనస్థీషియా అన్న మాటను కూడా ఆ నవంబర్‌లోనే ఆలివర్ వెండెల్ హోమ్స్ ఒక ఉత్తరంలో మోర్టన్‌కు సూచించాడు.

కనుక మొదట వాడినవారిలో లాంగ్ ముందున్నాడు, లోకానికి తెలియజేసినది మోర్టన్. అమెరికాలో మార్చి 30ని వైద్యుల దినంగా జరుపుకోవడం లాంగ్ గౌరవార్థమే. మోర్టన్ విషయంలో నాకున్న అభ్యంతరం మరొకటి. అతడు ఈథర్‌లో రంగు, సువాసన కలిపి, లీథియాన్ అని పేరు పెట్టి, పేటెంటు తీసుకున్నాడు. అందులో ఉన్నది ఏమిటో చెప్పనిదే తరువాతి రోగికి వాడేది లేదని ఆ ఆసుపత్రి సర్జన్లు పట్టుబట్టాక గాని బయటపెట్టలేదు. ఆ తరువాత ఘనత ఎవరిదన్న తగాదా మోర్టన్, జాక్సన్, వెల్స్‌ల జీవితాలను నాశనం చేసింది. బోస్టన్ ఉద్యానవనంలో 1868లో నిలిపిన ఈథర్ స్మారకం మీద ఈ మనుషుల్లో ఎవరి పేరూ లేదు, మందు పేరే ఉంది.

నేను మాత్రం ఈ కథలో అందరికంటే పైన నిలబెట్టేది వీరెవ్వరినీ కాదు, జాన్ స్నో అనే ఇంగ్లీషు వైద్యుడిని. లండన్‌లో కలరా వ్యాప్తికి ఒక వీధి పంపు కారణమని 1854లో చూపిన స్నో ఆయనే. 1847 తొలి నెలల్లో ఇంగ్లండ్‌లో ఈథర్ ఒక రోగి మీద పనిచేసేది, మరొకరి మీద విఫలమయ్యేది, కారణం ఎవరికీ తెలిసేది కాదు. మందు మంచిది కాదనో, రోగి తత్వం వేరనో చెప్పుకునేవారు. స్నో దాన్ని భౌతికశాస్త్రం లెక్కగా చూశాడు. ఈథర్ ఆవిరయ్యేటప్పుడు మిగిలిన ద్రవంలోని వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడ ఎన్నో రెట్లు వేగంగా పనిచేస్తుంది. ద్రవం చల్లబడేకొద్దీ ఆవిరి తగ్గుతుంది. 20 డిగ్రీల వేడిలో ఈథర్ మీద నిలిచిన గాలిలో నూటికి సుమారు 58 పాళ్లు ఆవిరి ఉండగలదు. అదే ద్రవం 0 డిగ్రీలకు దిగితే 24 పాళ్లే. అంటే రోగి పీలుస్తున్న కొద్దీ గోళంలోని ఈథర్ చల్లబడి, అతడికి అందే మోతాదు తనంతట తానే సగానికి పడిపోతుంది. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే రోగి సగం కోతలో మేలుకుంటాడు. స్నో వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద గాలి ఎంత ఈథర్‌ను మోస్తుందో పట్టిక వేసి, పరికరాన్ని నీళ్లతొట్టిలో కూర్చోబెట్టి, ఆవిరి నిలకడగా వచ్చేటట్టు చేశాడు. అదే సంవత్సరం ప్రచురించిన పుస్తకంలో మత్తును ఐదు దశలుగా విభజించి, ఏ దశలో రోగి ఊపిరి, కళ్లు, కండరాలు ఎలా ఉంటాయో రాశాడు. ఈథర్‌ను వాడడం అంతకుముందే తెలిసి ఉండవచ్చు. ఎంత ఇస్తున్నామో తెలిసి ఇవ్వడం, ఎంత చేరిందో రోగిని చూసి చెప్పడం స్నోతోనే మొదలయ్యాయి. మా వృత్తి పుట్టినది అక్కడే అని నా నిశ్చితాభిప్రాయం.

మన దేశానికి ఈథర్ 1847 మార్చిలోనే, కలకత్తా మెడికల్ కాలేజీ ఆసుపత్రికి చేరింది. అప్పటికే అదే ప్రాంతంలో జేమ్స్ ఎస్‌డైల్ అనే వైద్యుడు మెస్మెరిజంతో, అంటే మందు లేకుండా ఒకరకమైన వశీకరణతో, రోగులను నిద్రపుచ్చి పెద్దపెద్ద కణితులు తీస్తుండేవాడు. అయితే ఆ ఏడాది చివరలోనే ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం వాడకాన్ని ప్రకటించడంతో మన దేశంలో అదే స్థిరపడింది. దానికి వాతావరణం ఒక కారణం. ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది, వేసవిలో సీసా మూత తీస్తే చాలు, సగం మందు గదిపాలు. పైగా అది పెట్రోలు కంటే కూడా తొందరగా అంటుకుంటుంది. నూనె దీపాల వెలుగులో కోతలు జరిగే రోజుల్లో దాన్ని ఎవరు కోరుకుంటారు? క్లోరోఫారం అలా అంటుకోదు, కొద్ది చుక్కలతోనే పని జరుగుతుంది, వాసన కూడా తియ్యగా ఉంటుంది. దాని పెద్ద లోపం ఇది: అప్పుడప్పుడు, ఆరోగ్యంగా ఉన్న రోగి కూడా మత్తు మొదలైన కొద్ది నిమిషాల్లోనే హఠాత్తుగా చనిపోయేవాడు. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో కాలిగోరు తీయించుకోబోయిన పదిహేనేళ్ల అమ్మాయి అలా పోయిన మొదటి రోగి.

ఆ చావుకు కారణం ఊపిరి ఆగడమా, గుండె ఆగడమా అన్న వివాదం ప్రపంచంలో అందరికంటే పట్టుదలగా నడిచినది మన హైదరాబాదులో. అక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఊపిరిని కనిపెట్టి చూస్తున్నంతకాలం క్లోరోఫారంతో భయం లేదని గట్టిగా నమ్మినవాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు ఇక్కడ కూర్చున్నాయి. రెండవ దానికి లండన్ వైద్య పత్రిక లాన్సెట్ పక్షాన లాడర్ బ్రంటన్ అనే ప్రఖ్యాత వైద్యుడు స్వయంగా వచ్చాడు, ఆయన రాకకు నిజాం 1000 పౌండ్లు ఇచ్చాడు. హైదరాబాదు మెడికల్ స్కూలులో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ఆ పనిలో పాల్గొన్నది. ప్రపంచంలో మత్తు వైద్యాన్ని వృత్తిగా చేపట్టిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. తెలుగువారి పాఠ్యపుస్తకాల్లో ఆమెకు ఒక పేజీ అయినా ఉండాలని నా కోరిక. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె తరువాత ఆగుతుందని కమిషన్ తేల్చింది. ఆ తీర్పు తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫారం మత్తులో ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె గదులు లయ తప్పి వణికి, ఒక్కసారిగా ఆగిపోతాయని చూపాడు. హైదరాబాదు ప్రయోగాల్లో జంతువులకు లోతైన మత్తు ఇవ్వడం వల్ల ఆ ప్రమాదం కంటపడలేదు. కాని ఊపిరిని వదలకుండా చూడమన్న లారీ మాట, ఆయన సిద్ధాంతం పడిపోయాక కూడా, ప్రతి మత్తు వైద్యుడికీ పనికివచ్చింది. ఈ తగాదా నడుస్తున్నంతకాలం బోస్టన్ ఈథర్‌ను వదలలేదు, ఇంగ్లండ్‌లో కూడా 1872 తరువాత అది మళ్లీ వాడకంలోకి వచ్చింది. కారణం తేలికే: ఈథర్ గుండెను అలా మోసం చేయదు.

ఆ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మా జిల్లా ఆసుపత్రిలో తీగతో చేసిన గిన్నెలాంటి చట్రానికి ఎనిమిది మడతల గాజుగుడ్డ చుట్టి రోగి ముక్కూ నోరూ మూసేటట్టు పెట్టేవాళ్లం. కళ్లమీద తడిపిన దూది, చెంపలకు వాజలీను. ఈథర్ సీసా బిరడాకు గాడి కోసి, దాని వెంట ఒక నూలు పోగు దిగవేస్తే చుక్కచుక్కగా పడేది. మొదటి నిమిషం పన్నెండు చుక్కలు, రెండవ నిమిషం అంతకు రెట్టింపు, అలా పెంచుకుంటూ పోవాలి. తొందరపడితే రోగి ఘాటుకు దగ్గి ఊపిరి బిగబడతాడు. కొంతసేపటికి రెండవ దశ వస్తుంది. అప్పుడు రోగి కాళ్లు తన్నుతాడు, అరుస్తాడు, లేచి పోబోతాడు. ఇద్దరు వార్డుబాయిలు భుజాలు, మోకాళ్లు పట్టుకోవలసిందే. తరువాత ఒక క్షణంలో అంతా సర్దుకుని, గడియారం లోలకంలా ఊపిరి నడక మొదలవుతుంది. అప్పుడు సర్జన్ వైపు చూసి తల ఊపేవాడిని. గాజుగుడ్డ అంచున తెల్లగా మంచు పేరుకునేది. స్నో చెప్పిన చలి అదే. మాకు యంత్రాలు, తెరలు లేవు. కనుపాప ఎంత విప్పారింది, కనుగుడ్డు కదులుతోందా నిలిచిందా, ఊపిరి రొమ్ముతో తీస్తున్నాడా పొట్టతోనే తీస్తున్నాడా, వీటినిబట్టి లోతు చెప్పాలి. ఆ గుర్తులను నాలుగు దశలుగా పట్టిక వేసినవాడు ఆర్థర్ గ్వెడెల్, మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో మోటారుసైకిల్ మీద ఒక శిబిరం నుంచి ఇంకొక శిబిరానికి తిరుగుతూ, వైద్యులు కానివారికి కూడా మత్తు ఇవ్వడం నేర్పినవాడు. ఒక అర్ధరాత్రి పేగు జారి బిగుసుకుపోయిన హెర్నియాతో తెచ్చిన ఒక వృద్ధ రైతుకు అలాగే రెండు గంటలు ఈథర్ ఇచ్చాను. మధ్యలో కరెంటు పోయింది. లాంతరు లోపలికి తేకూడదు, టార్చిలైట్ల వెలుగులోనే పని ముగించారు. ఆయన నాడి మొదటి నుంచి చివరి వరకు కొట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ వేలికొసల్లో ఉంది.

ఇక మీ మూడవ ప్రశ్న, ఈథర్ ఎందుకు పోయింది? మొదటి కారణం నిప్పు. గాలిలో నూటికి 2 పాళ్ల నుంచి 36 పాళ్ల వరకు ఉన్న ఈథర్ అంటుకోగలదు. ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది. ఆవిరి గాలికంటే రెండున్నర రెట్లు బరువు కనుక నేలమీద పాకుతూ పోయి, గది అవతలి మూల ఉన్న మంటను కూడా అందుకుంటుంది. రక్తనాళాలను కరెంటుతో మాడ్చే పరికరం ప్రతి సర్జన్ చేతికీ వచ్చాక రెండూ ఒకే గదిలో ఉండడం కుదరదు. రెండవది ఆలస్యం. ఈథర్ రక్తంలో చాలా ఎక్కువగా కరుగుతుంది, వేసవిలో బీటలు వారిన నేల తొలి వానను మింగినట్టు రక్తం దాన్ని మింగేస్తుంది గాని మెదడుకు తొందరగా అందనివ్వదు; దిగడానికీ అంతే సమయం. మూడవది, మేలుకున్న తరువాత వాంతులు. రోగులు మమ్మల్ని తిట్టుకున్నది ఎక్కువగా అందుకే, అది న్యాయమే. 1956లో హాలోథేన్ అనే, అంటుకోని కొత్త మత్తుమందు వచ్చాక పట్టణాల్లో ఈథర్ వెనకబడింది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో రూపొందిన ఇ.ఎం.ఓ. అనే పరికరం, చుట్టూ నీళ్ల అర ఉన్నది, కరెంటు, సిలిండర్లు లేని ఊళ్లలో దాన్ని మరికొన్ని దశాబ్దాలు బతికించింది.

అయితే పోయినది ఇంతవరకు చెప్పుకున్న ఈథర్, అంటే డైఇథైల్ ఈథర్ ఒక్కటే. ఐసోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్, నేడు పిల్లలకు మాస్కు పెట్టి నిద్రపుచ్చే సెవోఫ్లూరేన్, ఇవన్నీ విలియమ్సన్ చూపిన అదే నిర్మాణం గలవి. ఆక్సిజన్‌కు రెండు వైపులా కర్బన గొలుసులు, వాటిలో హైడ్రోజన్ బదులు చాలాచోట్ల ఫ్లోరిన్. ఆ ఫ్లోరిన్ వల్లనే థియేటర్‌లో వాడే మోతాదులో అంటుకునే గుణం పోయింది, రక్తంలో కరిగే గుణం తగ్గింది, అందుకే ఇప్పటి రోగి కొద్ది నిమిషాల్లో కళ్లు తెరిచి తన పేరు చెబుతున్నాడు. మీరు ఎప్పుడైనా థియేటర్‌కు వెళితే మత్తు యంత్రం మీద పసుపు రంగు డబ్బా ఒకటి చూడవచ్చు, సెవోఫ్లూరేన్‌ది అదే రంగు. పైన చక్రం తిప్పి 2 అని పెడితే నూటికి రెండు పాళ్లే వస్తుంది, ద్రవం చల్లబడినా అంతే వస్తుంది. అందుకోసం చాలా డబ్బాల లోపల రెండు లోహాలను అతికిన ఒక పట్టీ ఉంటుంది. చలికి అది వంగి గాలి దారిని సవరిస్తుంది. 1847లో స్నో నీళ్లతొట్టి పెట్టినది కూడా ఈ చలిని తట్టుకోవడానికే.